గిటారు బ్రిడ్జి మార్చేటప్పుడు ఏది మేలు: ఆరు స్క్రూలదా, రెండు పోస్టులదా, ఫ్లాయిడ్ రోజా?

ఎలక్ట్రిక్ గిటారుకు శ్రుతి నిలవడం లేదనిపించగానే చాలామంది బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనుకునే లోహపు భాగం) మార్చాలన్న నిర్ణయానికి వస్తారు. అయితే తీగను బిగించే ట్యూనర్ మరను తిప్పుతున్నప్పుడు నట్ (నెక్ చివర తీగలు కూర్చునే గాడుల పట్టీ) దగ్గర టిక్కుమని చప్పుడు వినిపించినా, ట్రెమొలో ఆర్మ్‌ను (బ్రిడ్జిని కదిలించి శ్రుతిని మార్చే కడ్డీని) కిందికి నొక్కి వదిలాక తీగ హెచ్చు శ్రుతిలో నిలిచిపోయినా, తీగ నట్ గాడిలో ఇరుక్కుంటున్నదేమో ముందుగా చూడాలి. ఆ లోపాన్ని కొత్త బ్రిడ్జి సరిచేయలేదు. శాడిళ్ల (బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మెల) స్క్రూలు తుప్పుపట్టి తిరగకుండా బిగుసుకుపోవడం, ప్లేటు వంగడం, బ్రిడ్జి ఆనుకుని కదిలే అంచు అరిగిపోవడం, బ్లాకులో (బ్రిడ్జి కింద బాడీలోకి దిగే లోహపు దిమ్మెలో) ఆర్మ్ బిగించే మరలు చెడిపోవడం వంటివి కనిపించినప్పుడే మార్పిడి నిజంగా అవసరమవుతుంది. అవేవీ లేనప్పుడు ఉన్నదానినే శ్రద్ధగా సెట్ చేసుకోవడం మేలని నా దృఢమైన అభిప్రాయం.

మార్చక తప్పదనుకున్నప్పుడు స్ట్రాట్ తరహా గిటారు ఉన్నవారు మొదట చూడవలసినది 1954లో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) గిటారుతో వచ్చిన ఆరు స్క్రూల ట్రెమొలో బ్రిడ్జే. గిటారుకు ముందునుంచీ అదే రకం ఉంటే కొత్తది పాత రంధ్రాలలోనే కూర్చుంటుంది, కర్రను ముట్టుకోవలసిన పని ఉండదు. కానీ చూపుకు ఒకేలా ఉన్నవన్నీ ఒకే కొలతవి కావు. ఈ చివరి స్క్రూ మధ్య నుంచి ఆ చివరి స్క్రూ మధ్యకు దూరం కొన్ని గిటార్లలో సుమారు 56 మి.మీ., మరికొన్నింటిలో సుమారు 52.5 మి.మీ. ఉంటుంది. పాత బ్రిడ్జిని విప్పక ముందే ఈ దూరాన్ని కొలిచి రాసుకోవాలి. బ్లాకు లోతును కూడా కొలవాలి. సుమారు 45 మి.మీ. మందం ఉన్న బాడీకి తయారుచేసిన బ్లాకును పలుచని బాడీలో పెడితే అది వెనుకవైపు పొడుచుకువస్తుంది. జింక్ మిశ్రలోహంతో పోతపోసిన బ్లాకులో కన్నా స్టీలు బ్లాకులో ఆర్మ్ మరలు ఎక్కువ కాలం మన్నుతాయి. స్టీలుతో ధ్వని కూడా మెరుగవుతుందని చాలామంది అంటారు గాని, నేను మన్నిక కోసమే దానిని ఎంచుకోమంటాను.

రెండు పోస్టుల బ్రిడ్జిని ఫెండర్ 1980ల రెండో సగంలో అమెరికన్ స్టాండర్డ్ స్ట్రాటోకాస్టర్‌తో ప్రవేశపెట్టింది. ఆరు చోట్ల కాక రెండే చోట్ల ఆనుకుని కదులుతుంది కాబట్టి రాపిడి తక్కువగా ఉంటుంది, ఆర్మ్ వదిలాక మునుపటి స్థానానికి నమ్మకంగా తిరిగి వస్తుంది. ఆ రంధ్రాలు ముందే ఉన్న గిటారుకు ఇది నిస్సందేహంగా మంచి ఎంపిక. ఆరు స్క్రూల గిటారును దీనికోసం మార్చాలంటే మాత్రం పాత రంధ్రాలను గట్టి కర్రతో పూడ్చి, పోస్టులు దిగే లోహపు గొట్టాల (బుషింగుల) కోసం పెద్ద రంధ్రాలు తొలవాలి. ఆ తొలవడంలో ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా తీగలన్నీ నెక్ మీద ఒకవైపుకు ఒరిగి, చివరి తీగ ఫ్రెట్ (నెక్ మీది లోహపు అడ్డుపట్టీ) అంచు మీదుగా జారిపోయే ప్రమాదం ఉంది. ఇంత సాహసం అవసరమా? ఆరు స్క్రూలలో చివరి రెండింటినే ఇరుసుగా ఉంచి, మధ్య నాలుగింటిని ప్లేటుకు తగలకుండా పిసరంత పైకి తీస్తే, పాత పద్ధతి బ్రిడ్జి కూడా దాదాపు అంతే తేలికగా కదులుతుంది.

ఫ్లాయిడ్ రోజ్ సంగతి వేరు. 1979లో పేటెంట్ పొందిన ఈ పద్ధతిలో తీగను నట్ దగ్గరా శాడిల్ దగ్గరా బిగించి పట్టేస్తారు గనుక, తీగలు వేలాడేదాకా ఆర్మ్ నొక్కి వదిలినా శ్రుతి చెదరదు. అలాంటి వాయింపుకు దీనికి సాటి లేదని ఒప్పుకోవలసిందే. అయితే దానికోసం తయారుచేయని గిటారులో దీన్ని పెట్టాలంటే బాడీని లోతుగా చెక్కాలి, లాకింగ్ నట్ కోసం నెక్ చివరను కోయాలి. ఒకసారి కోశాక వెనక్కి తీసుకోలేము. ఇలాంటి మార్పిడిని నేను ఎవరికీ సిఫారసు చేయను. అలాంటి వాయింపే కావాలనుకునేవారు దానితోనే తయారైన గిటారును తీసుకోవడం మంచిది.

ఆర్మ్ అసలు వాడనివారు స్థిర బ్రిడ్జి కోసం వెతకనవసరం లేదు. గిటారు వెనుక, తీగల లాగుడుకు ఎదురుగా బ్లాకును లాగి పట్టే మూడు స్ప్రింగులకు బదులు ఐదు తగిలించి, వాటిని పట్టి ఉంచే క్లా (కొక్కేల ప్లేటు) స్క్రూలను ప్లేటు బాడీకి పూర్తిగా ఆనేదాకా బిగిస్తే సరిపోతుంది. అప్పుడు ఒక తీగ తెగినా మిగిలినవాటి శ్రుతి మారదు, ఒక తీగను బెండ్ చేసినా (పక్కకు లాగి వాయించినా) పక్క తీగలు దిగజారవు.

బ్రిడ్జిని బాడీకి ఆనకుండా తేలియాడేలా ఉంచుకునేవారికి ఓపిక కావాలి. తీగల లాగుడు, స్ప్రింగుల లాగుడు సమానమైనప్పుడే బ్రిడ్జి ఒకచోట నిలుస్తుంది. అందుకే ఒక తీగను శ్రుతి చేయగానే మిగిలిన ఐదూ మారిపోతాయి. ప్లేటు వెనుక అంచు కింద 3.2 మి.మీ. ఖాళీ ఉండాలన్నది ఫెండర్ సూచన. ఖాళీ ఎక్కువగా ఉంటే క్లా స్క్రూలను అర చుట్టు బిగించి, మళ్ళీ ఆరు తీగలనూ శ్రుతి చేసి, మళ్ళీ కొలవాలి. ఇది కుదిరాకే తీగల ఎత్తు జోలికి పోవాలి. ఫింగర్‌బోర్డు వంపు 9.5 అంగుళాల వ్యాసార్ధమైతే, 17వ ఫ్రెట్ దగ్గర 1.6 మి.మీ. ఎత్తుతో మొదలుపెట్టి, శాడిళ్ల వరుస కూడా అదే వంపును అనుసరించేలా చిన్న అలెన్ కీతో సరిచేయాలి.

ఇంటొనేషన్ (నెక్ మీద ఎక్కడ నొక్కినా తీగ సరైన శ్రుతిలో పలికేలా చూడడం) చివరి పని. కొత్త తీగలు వేసి, 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా తాకి మాత్రమే పలికించే స్వరాన్నీ), అదే ఫ్రెట్‌ను నొక్కి పలికించిన స్వరాన్నీ శ్రుతి చూపే ట్యూనర్ పరికరంతో పోల్చాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను నట్‌కు దూరంగా, తక్కువగా ఉంటే దగ్గరగా జరపాలి. ఆరు స్క్రూలదైనా రెండు పోస్టులదైనా ఇది స్క్రూడ్రైవరుతో నిమిషాల పని. మందపాటి ఆరో తీగ దగ్గర శాడిల్ ఇంకా వెనక్కి రావలసి ఉండగా శాడిల్ స్క్రూ మీది స్ప్రింగ్ అడ్డుపడితే, ఆ స్ప్రింగ్‌ను కొంచెం కత్తిరిస్తే చాలు. ఫ్లాయిడ్ రోజ్‌లో మాత్రం శాడిల్ జరిపిన ప్రతిసారీ తీగను పూర్తిగా వదులు చేసి, స్క్రూ విప్పి, చేత్తో అంచనాగా జరిపి, మళ్ళీ బిగించి, మళ్ళీ శ్రుతి చేసి చూడాలి. తేడా మిగిలితే మొత్తం తిరిగి మొదలుపెట్టాలి.