ఇరుకు మూలలో వార్డ్‌రోబ్: కడప బండలా, మాడ్యులరా, కార్పెంటరా?

బెడ్‌రూమ్‌లోకి బాత్రూమ్ పొడుచుకొచ్చిన ఫ్లాట్లలో దాని పక్కన ఒక మూల మిగులుతుంది. మూడు వైపులా గోడలు, 7 అడుగుల ఎత్తున సజ్జ, ఎదురుగా రెండడుగుల దూరంలో మంచం. హైదరాబాద్‌లో పాత రెండు బెడ్‌రూముల ఇళ్ళలో ఇది మామూలే. 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉందంటే వార్డ్‌రోబ్‌కి చక్కటి చోటు. తిప్పలన్నీ దాన్ని అక్కడికి చేర్చి బిగించడంలోనే. అందుకే ఏ ప్లై, ఏ రంగు అనుకునే ముందు, ఏ ముక్క గుమ్మం దాటి ఆ మూలకి వెళ్తుందో చూసుకోవాలి.

కడప బండలు పాత పద్ధతి. గోడలకు గాడి కొట్టి, బండల్ని అరలుగా దూర్చి, సిమెంటుతో పూడ్చి, ముందు ఫ్రేమూ తలుపులూ పెట్టడమే. బండకి చెద పట్టదు, చెమ్మకి ఉబ్బదు. బాత్రూమ్ గోడ పక్కన ఇది చిన్న విషయం కాదు. అంగుళం మందం, 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పున్న బండ 50 కిలోల దాకా తూగుతుంది, కాబట్టి ఇద్దరు మనుషులు మెట్ల మీద మోసుకురాగలరు. కానీ బాత్రూమ్ గోడలో నీళ్ళ పైపులుంటాయి. నాలుగున్నర అంగుళాల గోడలో కట్టర్ ఎక్కడ పైపుకి తగులుతుందో మేస్త్రీకి కూడా తెలియదు. కొన్ని కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలే కాంక్రీటుతో పోస్తున్నారు, వాటిని కోయనే కూడదు. పైగా కాపురముంటున్న ఇంట్లో ఆ దుమ్ము! అరలు ఒకసారి పెట్టాక ఇంకో అంగుళం జరపలేం. చీరలు తగిలి చిరక్కుండా బండ అంచులు గుండ్రంగా నూరించుకోవాలి.

మాడ్యులర్ అంటే ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి బిగించేది. ఇందులో పని శుభ్రం. కోత, అంచు పట్టీ మిషన్ మీద వస్తాయి, ఇంట్లో రంపం చప్పుడుండదు. చిక్కేమిటంటే మిషన్ సరైన మూలమట్టానికి కోస్తుంది, మన గోడలు ఆ మట్టానికి ఉండవు. కింద 4 అడుగుల 2 అంగుళాలు ఉన్నది పైకి వెళ్ళేసరికి 4 అడుగుల 1 అంగుళం అవుతుంది. కింద, నడుమ, పైన కొలిచి, తక్కువ కొలతే లెక్కలోకి తీసుకోవాలి. ఇక బిగించి తెచ్చిన పెట్టె అయితే అసలు గండం అదే. 6 అడుగుల 10 అంగుళాల ఎత్తు, 2 అడుగుల లోతున్న పెట్టెను పడుకోబెట్టి పైకి లేపుతుంటే దాని మూల 7 అడుగుల 1 అంగుళం దాటుతుంది. సజ్జ కింద అది లేవదు. బయటే లేపి లోపలికి నెట్టాలి, అక్కడేమో మంచం. కాబట్టి విడి పలకలుగా తెచ్చి గదిలోనే బిగిస్తారా అని ఆర్డర్‌కి ముందే అడగండి. పార్టికల్ బోర్డు (చెక్క పొట్టుని జిగురుతో నొక్కి చేసిన పలక) అంటే మాత్రం, ఈ మూలకి వద్దని చెప్పేయండి. నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, మళ్ళీ మామూలుగా అవ్వదు.

నా ఓటు కార్పెంటర్‌కే, ఒక షరతు మీద: ఒకే పెద్ద పెట్టె చేయకూడదు. 8 బై 4 ప్లై షీటు చిన్న లిఫ్టులో పట్టదు, ఇరుకు మెట్ల మలుపులో తిరగదు. కొలతలిచ్చి సెల్లార్‌లోనే కోయించి ముక్కలు పైకి తెప్పిస్తే దుమ్ము కూడా కిందే ఉంటుంది. ముందు 4 అంగుళాల ఎత్తున పీట ఫ్రేమ్ వేసి, రసమట్టంతో (స్పిరిట్ లెవెల్) సరిచూసి, దాని మీద 32 అంగుళాలదొకటి, 16 అంగుళాలదొకటి రెండు పెట్టెలు నిలబెట్టాలి. ఫ్లోరింగ్ వాలు, గోడ కింద పొడుచుకొచ్చిన స్కర్టింగ్ టైల్ రెండూ ఆ పీట దగ్గరే సర్దుకుంటాయి. మూడు వైపులా గోడలే కాబట్టి పక్కల నుంచి స్క్రూ వేసే వీల్లేదు, అన్నీ పెట్టె లోపలి నుంచే.

చివర్లో గోడకీ పెట్టెకీ మధ్య సందు మిగులుతుంది. మంచి వడ్రంగి అక్కడ పుట్టీ కూరడు. పట్టీని గోడకి ఆనించి, గోడ వంపు వెంట పెన్సిల్ గీత లాగి, ఆ గీత దాకా చిత్రిక పడతాడు. నొక్కితే వేలిగోరు కూడా దూరదు. ఈ సర్దుబాటు ఇంట్లో చేసే పనికే కుదురుతుంది.

బాత్రూమ్ వైపు పలకకి, వెనక పలకకి ఐఎస్ 710 (నీటిని తట్టుకునే మెరైన్) ప్లై, లోపలి అరలకి ఐఎస్ 303 (మామూలు వాడుక) ప్లై చాలు. వెనక గోడకీ పలకకీ మధ్య అర అంగుళం సందు వదిలి గాలి ఆడనివ్వాలి. తలుపులు 16 అంగుళాలవి మూడు. రెండే పెడితే తెరిచినప్పుడు మంచానికి తగులుతాయి, స్లైడింగ్ పెడితే లోతులో దాదాపు 3 అంగుళాలు పోయి హ్యాంగర్‌కి వేసిన చొక్కా భుజాలు తలుపుకు రాసుకుంటాయి.

ఖర్చు కూలీని బట్టి, మైకాని బట్టి మారుతుంది, అది బేరం సంగతి. గాడి కొట్టడానికి వీలైన ఇటుక గోడలై, ఇల్లు ఇంకా కడుతున్న దశలో ఉంటే మాత్రం నేను కూడా కడప బండలకే వెళ్తాను. ఇప్పటికే బాత్రూమ్ గోడ పెచ్చులూడుతుంటే మూడింటిలో ఏదీ మొదలుపెట్టకండి. ముందు లీకేజీ కట్టించి, గోడ పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు టేపు పట్టుకోండి.