డైట్ డబ్బా నెల రోజులు తిన్నాను, తూకం వేసి మరీ

నాంపల్లిలో ఒక సర్కారీ ఆఫీసు, అకౌంట్స్ సెక్షన్. ఇరవై ఒక్క ఏళ్లుగా నా పని ఒకటే: వేరేవాళ్లు కూడి తెచ్చిన అంకెల్ని మళ్లీ కూడటం. అలాంటిదాని చేతికి మూత మీద '450 క్యాలరీలు' అని అచ్చేసిన డబ్బా ఇస్తే ఊరుకుంటుందా? మధ్యాహ్నం డైట్ భోజనం డబ్బాలో పంపే ఆ వంటశాల పేరు రాయను. మా సెక్షన్‌లో ఇంకా ముగ్గురు దాన్నే తింటున్నారు, వాళ్ల నోటికాడ కూడు నేనెందుకు చెడగొట్టాలి.

ముందు నా సంగతి. వయసు 46, ఎత్తు 157 సెంటీమీటర్లు, మొదలుపెట్టిన రోజు బరువు 74.2 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, 30. మన దేశపువాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము 94 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 లోపు ఉండాలి. ఈ అంకెలు నాకు కొత్త కాదు. మేనకోడలి నిశ్చితార్థం ఫొటోలు చూశాకే కదలిక వచ్చింది.

డబ్బు కట్టగానే ఒక డైటీషియన్ అమ్మాయి ఫోన్ చేసింది. మర్యాదగా, ఓపిగ్గా మాట్లాడింది. రోజుకు 1,400 క్యాలరీలు తినండి మేడమ్ అంది. ఎక్కడి నుంచి వచ్చింది ఆ 1,400 అని అడిగితే లెక్క చెప్పింది, అది నాకు నచ్చింది. బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలపాలి. వయసును 5తో గుణించి అందులోంచి తీసేయాలి. ఆడవాళ్లయితే ఇంకో 161 తీసేయాలి. నాకు 1,332 వచ్చింది. అంటే రోజంతా మంచం దిగకపోయినా ఒంటికి అంత కావాలి. ఆఫీసు, ఇంటిపని, పొద్దుటి నడక కలిపి దాన్ని 1.4తో గుణిస్తే 1,865. తినేది 1,400 అయితే రోజుకు 465 లోటు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 లోటు పడాలి. నెలకు కిలో ఎనిమిది వందల గ్రాములు తగ్గాలన్నమాట. నెలకు ఎనిమిది కిలోలు అని బోర్డులు పెట్టేవాళ్ల మధ్య ఈ మాట చెప్పినందుకు ఆ అమ్మాయికి ఒక స్టార్ ఇచ్చేశాను.

24 మధ్యాహ్న భోజనాలు, డబ్బా 190 రూపాయలు, మొత్తం 4,560.

రుచి బాగుంది. డైట్ అనగానే ఉడకబెట్టిన బీన్స్ అనుకునేదాన్ని. గోంగూర పప్పు, పచ్చిపులుసు, వారానికోసారి కొర్రల కిచిడీ, ఒక గురువారం ఉలవచారు. ఉలవచారు మా ఇంట్లో కంటే బాగుంది, ఇది మా అత్తమ్మకు తెలియకూడదు. పెరుగు పుల్లగా ఉన్నది రెండే రోజులు. మొలకలు మాత్రం వాన పడ్డ ఒక మంగళవారం వాసన వచ్చాయి, పారేశాను. 12.40కి రావాల్సిన డబ్బా ఎప్పుడూ ఒంటిగంట దాటలేదు. నాంపల్లి ట్రాఫిక్‌లో అది చిన్న విషయం కాదు. ఆ పిల్లాడికి నా దండం.

రెండో వారంలో అనుమానం మొదలైంది. సోమవారం తింటే మూడింటికే ఆకలి. బుధవారం అదే 450 తింటే సాయంత్రం దాకా కడుపు బరువు. లాక్‌డౌన్‌లో మా అమ్మాయి కేకుల కోసం కొన్న చిన్న త్రాసు ఇంట్లో పడి ఉంది. అరచేతి మందం, ఒక్కో గ్రాము చూపిస్తుంది. హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఆఫీసుకు పట్టుకెళ్లాను. మొదటి రోజు అందరూ నవ్వారు. మూడో రోజుకు పక్క సీటు మేడమ్ తన పులిహోర తెచ్చి, "దీన్ని కూడా పెట్టవా వదినా" అంది.

డబ్బాతో వచ్చే చీటీలో దంపుడు బియ్యం అన్నం 120 గ్రాములు అని ఉంటుంది. నాలుగు రోజులు వరసగా తూచాను: 118, 164, 141, 172. వంద గ్రాముల అన్నం 110 నుంచి 130 క్యాలరీల మధ్య ఉంటుంది. 172 వచ్చిన రోజు అన్నంలోనే ఓ అరవై ఎక్కువ. అరవై పెద్ద తప్పేం కాదు, చెయ్యి జారిన గరిటె అంతే. మా ఇంట్లో కూడా జారుతుంది.

చీటీలో దొరికిన తప్పు వేరే రకం. ఒక శుక్రవారం చీటీలో పిండి పదార్థం 62 గ్రాములు, ప్రొటీన్ 21, కొవ్వు 19 అని ఉంది. పిండికి, ప్రొటీన్‌కు గ్రాముకు 4 చొప్పున, కొవ్వుకు 9 చొప్పున కూడితే 503. పైన పెద్దక్షరాల్లో మాత్రం 450. వాళ్ల అంకెలు వాళ్ల మొత్తానికే సరిపోవడం లేదు. మా ఆఫీసులో ఇలాంటి బిల్లు పెడితే ఎర్ర ఇంకు పెట్టి వెనక్కి పంపిస్తాం.

ఇక నూనె. అదే రోజు బెండకాయ వేపుడు వచ్చింది. కరకరలాడుతూ బ్రహ్మాండంగా ఉంది. అక్కడే అర్థం కావాలి నిజానికి. తిన్నాక గిన్నె వంచితే మూలన బంగారు రంగులో నూనె చేరింది. ఖాళీ గిన్నెను త్రాసు మీద పెట్టాను: 38 గ్రాములు. టిష్యూతో శుభ్రంగా తుడిచి మళ్లీ పెట్టాను: 29. అంటే తొమ్మిది గ్రాముల నూనె గిన్నెకే అంటుకుని ఉంది, 81 క్యాలరీలు. గిన్నెకు ఇంత మిగిలితే బెండకాయ ముక్కలు ఎంత పట్టుకుని నా లోపలికి వెళ్లాయో తూచే దారి లేదు. ఆ టిష్యూను కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. అటెండర్ వచ్చి, "ఏమైంది మేడమ్, కూర మంచిగ లేదా?" అన్నాడు.

సాయంత్రం ఆ డైటీషియన్‌కు ఫోన్ చేశాను. అమ్మాయి దాచలేదు. "మేడమ్, పెద్ద గిన్నె వంటకు మొత్తం లెక్కగట్టి డబ్బాల సంఖ్యతో భాగిస్తాం. అది యావరేజ్." సరే, అర్థమైంది. మూత మీదున్న 450 నా డబ్బాది కాదు, ఆ రోజు పొయ్యి మీదున్న మొత్తం గిన్నెది. అడుగున నూనె చేరిన చోట గరిటె పడితే నా డబ్బా 550, పైపైన పడిన పక్కవాడిది 380. పది, అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్లు మెనూలో క్యాలరీలు చూపించాలని 2022 జులై నుంచి నిబంధన ఉంది. వీళ్లది ఒక్క గది. ఎవరూ అడగకపోయినా వేస్తున్నారు, మంచిదే. కానీ 'సుమారు' అన్న ఒక్క మాట ముందు పెడితే నా గొడవ సగం ఉండేది కాదు.

ఇంకో అంకెతో కూడా ఇదే తగాదా, అది నా చేతికే కట్టుకుని తిరుగుతున్నాను. మాది విద్యానగర్. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి నాలుగు కిలోమీటర్లు, నలభై ఎనిమిది నిమిషాలు నడుస్తాను. వాచీ 310 క్యాలరీలు ఖర్చు అంటుంది. నా బరువుకు, ఆ వేగానికి లెక్కేస్తే 200 చిల్లర. అందులోనూ ఆ సమయంలో ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు తీసేస్తే నడక వల్ల అదనంగా అయింది 150. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్లు 2017లో ఏడు రకాల చేతి పట్టీలను పరీక్షిస్తే, క్యాలరీల లెక్కలో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అది తెలిసీ నేను ఇన్నాళ్లు వాచీని నమ్మి, నడక అవగానే ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. బిస్కెట్ తూచాను, 12 గ్రాములు. ఒక్కోటి దగ్గర దగ్గర 60. రెండు బిస్కెట్లు, చక్కెర దండిగా పడ్డ ఆ చిక్కటి చాయ్ కలిస్తే నాలుగు కిలోమీటర్లు హుష్‌కాకి. నడక మానలేదు. మోకాళ్లకు, షుగర్‌కు, నిద్రకు దాని లాభం దానికి ఉంది. బిస్కెట్లు మాత్రం ఆదివారానికి మార్చాను.

మూడో వారం లాల్‌దర్వాజ బోనాలు. మా అన్నయ్య ఇల్లు అక్కడే. బగారా అన్నం, మటన్ కూర, మా వదిన ఆపినా ఆగదు. సోమవారం పొద్దున బరువు చూస్తే కిలో నాలుగు వందలు ఎక్కువ! గుండె గుభేలుమంది, తర్వాత లెక్క గుర్తొచ్చింది. అంత కొవ్వు ఒక్క రోజులో చేరాలంటే నాకు కావాల్సినదానికి పైన పదివేలకు పైచిలుకు క్యాలరీలు తినాలి. మా వదిన చేతికి కూడా అంత శక్తి లేదు. ఉప్పుకు, అన్నానికి ఒంట్లో నిలిచిన నీరు అది. గురువారానికి పోయింది.

అదే సోమవారం బోనాల సెలవు, ఆఫీసు బంద్. డబ్బా వద్దని ఆదివారం సాయంత్రమే యాప్‌లో పెట్టాను, రాత్రి తొమ్మిది లోపు పెడితే చాలన్నది వాళ్ల నిబంధనే. అయినా డబ్బా వచ్చింది. వాచ్‌మన్ తిన్నాడట. బాగుందన్నాడు.

నిజంగా పనికొచ్చిన సంగతి డబ్బాలో లేదు, మా వంటింట్లో ఉంది. నాలుగో వారంలో త్రాసు ఇంటికి తెచ్చి, స్టవ్ పక్కన ఖాళీ మూకుడు దాని మీద పెట్టి, సున్నా చేసి, రోజూ పోసినట్టే నూనె పోశాను. కళ్లు మూసుకుని కాదు గానీ, అలవాటు చేతితో. 46 గ్రాములు. దొండకాయ వేపుడు, నలుగురికి. 414 క్యాలరీలు, అదీ ఇంకా ఒక్క కూరకే. పప్పు పోపు, పొద్దుటి దోసెలు, చట్నీ పోపు మిగిలే ఉన్నాయి. మా ఇంటికి దగ్గర్లో తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2,000 క్యాలరీల రోజువారీ పళ్లెంలో నూనె, కొవ్వులకు ఇచ్చిన వాటా మనిషికి 27 గ్రాములు. రోజంతటికీ. పాతికేళ్లుగా ఆ సంస్థ గేటు ముందు నుంచి బస్సులో వెళ్తున్నాను.

అత్తమ్మ సిద్దిపేట మనిషి. మూకుడు త్రాసు మీద చూసి, "ఏంది బిడ్డా, నూనె జోకుతున్నవ్? బంగారమా అది?" అంది. నూనె ధర చూస్తే ఆమె మాటలో తప్పేం లేదు. మర్నాటి నుంచి అదే వేపుడు 20 గ్రాములతో, మూత పెట్టి, సన్న సెగ మీద. మొదటి రెండు రోజులు మా ఆయన ఏదో తగ్గిందన్నారు. మూడో రోజు అనలేదు. నేనూ చెప్పలేదు.

నెలాఖరున బరువు 73.0. కిలో రెండు వందలు తగ్గాను, నడుము రెండు సెంటీమీటర్లు. రావాల్సిన కిలో ఎనిమిది వందల్లో మిగతా ఆరు వందలు ఎక్కడ పోయాయో ఇప్పటిదాకా చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఎవరికి పనికొస్తుంది అంటే, ఒంటరిగా ఉంటూ రోజూ బయట తినేవాళ్లకు నిక్షేపంగా పనికొస్తుంది. హోటల్ మీల్స్‌తో పోలిస్తే ఇది ఎంతో నయం. అన్నం ఎంత పెట్టుకోవాలో కంటికి అలవాటు చేస్తుంది, నాకు చేసింది. ఇంట్లో వంట చేసుకునేవాళ్లు 4,560 పెట్టే ముందు ఆరేడు వందలు పెట్టి త్రాసు కొని నూనె తూచి చూడండి. కొనేటప్పుడు సున్నా చేసే బటన్ ఉందో లేదో చూడండి. మాదానిలో బటన్ సెల్ అయిపోతే కాలనీలో దొరకక కోఠీ దాకా వెళ్లాల్సి వచ్చింది.

మూడు స్టార్లు. రెండో నెల కట్టలేదు. మొలకల సంగతి, చీటీ కూడిక సంగతి మెయిల్ పెట్టాను, చీటీలు మారాయని మా సెక్షన్ వాళ్లు చెప్పారు. సోమవారం డబ్బా తాలూకు 190 మాత్రం ఇంకా రావాలి.