అలీ–ఫ్రేజియర్: మూడు బౌట్లలో ఏది మేలు?

బాక్సర్లు మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ పేర్లు కలిపి చెప్పగానే ఎక్కువమందికి వాళ్ల మూడో బౌట్, 1975 నాటి మనీలాయే గుర్తొస్తుంది. హెవీవెయిట్ చరిత్రలోనే గొప్ప బౌట్ అదేనని జాబితాల్లో కూడా దానికే పైచోటు ఇస్తుంటారు. మూడు బౌట్లనీ పూర్తిగా, వరసగా చూసినవాళ్లు మాత్రం 1971 బౌట్‌ని అంత తేలిగ్గా పక్కన పెట్టలేరు. నా లెక్కలో మొదటి స్థానం దానిదే. మనీలా రెండోది. 1974 బౌట్ మూడోదే అయినా, జనం అనుకునేంత చప్పగా లేదు.

ముందు ఇద్దరి కొలతలు చూడాలి, ఎందుకంటే మూడు బౌట్ల లెక్కా అక్కడి నుంచే మొదలవుతుంది. అలీ ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, చేతుల చాపు 78 అంగుళాలు. ఫ్రేజియర్ 6 అడుగులకి అర అంగుళం తక్కువ, చాపు 73 అంగుళాలు. అలీ చేతులు కిందికి వదిలేసి, పంచ్ వస్తుంటే తల వెనక్కి లాక్కుంటాడు. సూటిగా వచ్చే పంచ్‌కి అది సరిపోతుంది. కానీ ఫ్రేజియర్ నడుము వంచి, తల ఊపుతూ, జాబ్ (ముందున్న చేత్తో వేసే సూటి పంచ్) కిందుగా దూరి లోపలికి వచ్చేస్తాడు. అక్కడి నుంచి అతని ఎడమ హుక్, అంటే మోచెయ్యి వంచి వేసే పంచ్, పక్కగా తిరిగి వస్తుంది. వీపుకి తాళ్లు తగిలాక తల లాక్కోవడానికి అలీకి చోటుండదు. చిన్నప్పుడు తగిలిన దెబ్బకి ఫ్రేజియర్ ఎడమచెయ్యి పూర్తిగా చాపడానికి రాకుండా పోయింది. అంటే మోచెయ్యి ఎప్పుడూ హుక్‌కి కావలసిన వంపులోనే ఉండేది.

1971 మార్చి 8, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్, 15 రౌండ్లు. అలీ 31 బౌట్లు, ఫ్రేజియర్ 26 బౌట్లు, ఇద్దరికీ ఒక్క ఓటమీ లేదు. చెరో 25 లక్షల డాలర్లు. సైన్యంలో చేరనన్నందుకు మూడున్నరేళ్లు రింగ్‌కి దూరమైన అలీ, తిరిగొచ్చాక క్వారీతో, బొనవేనాతో రెండే బౌట్లు ఆడి దీనికి దిగాడు. కాళ్లలో పాత చురుకు లేదని మొదటి రౌండ్లలోనే తెలిసిపోతుంది. రింగ్ చుట్టూ తిరగకుండా పాదాలు నేలకి ఆనించి నిలబడి జాబ్, కుడి పంచ్ వేస్తూ తొందరగా ముగించాలని చూశాడు. మధ్య రౌండ్లలో తాళ్లకి ఆనుకుని, చేతులతో ఊరికే తడుతూ, తనకేం తగల్లేదని జనానికి తల అడ్డంగా ఊపి చూపించాడు. జనం సంగతేమో గాని జడ్జీలు ఆ రౌండ్లు అతనికివ్వలేదు. 15 రౌండ్ల బౌట్‌లో రెండు మూడు రౌండ్లు అలా ఊరికే వదిలేసుకుంటే చివరికి లెక్క తేడా వస్తుంది, వచ్చింది కూడా.

ఈ బౌట్‌లో అసలు తెలివి ఫ్రేజియర్ మూలలో, అంటే అతని శిక్షకుల దగ్గర ఉంది. కుడి అప్పర్‌కట్ (కింది నుంచి పైకి వేసే పంచ్) వేసేముందు అలీ కుడిచెయ్యి కిందికి జారుస్తాడని వాళ్లలో ఒకడైన ఎడ్డీ ఫచ్ కనిపెట్టాడు. చెయ్యి జారిన ఆ క్షణంలో దవడకి ఆ వైపు కాపు ఉండదు. అందుకని ఫ్రేజియర్‌కి నేర్పింది ఒక్కటే: అలీ కుడిచెయ్యి దిగిందంటే ఇంకేం చూడకుండా ఎడమ హుక్ వేసెయ్. 11వ రౌండ్లో ఎడమ హుక్ తగిలి అలీ మోకాళ్లు వంగిపోయాయి, రౌండ్ చివరిదాకా తూలుతూనే ఉన్నాడు. 15వ రౌండ్ మొదట్లోనే మళ్లీ అదే జరిగింది. అలీ కుడిచెయ్యి కిందికి దిగింది, ఫ్రేజియర్ దాదాపు నేల దగ్గర్నుంచి హుక్ లాగి దవడ మీద వేశాడు. అలీ వెల్లకిలా పడ్డాడు, బూట్లకి కట్టిన ఎర్ర కుచ్చులు గాల్లోకి లేచాయి. ఆ క్షణాన్ని నెమ్మదిగా తిప్పి చూడండి. ముందు కదిలింది అలీ చెయ్యే. నెలల తరబడి చేసిన సాధన ఆఖరి రౌండ్లో, ఒళ్లు హూనమయ్యాక కూడా మరిచిపోకుండా పనిచేసింది. అంత దెబ్బ తిన్న అలీ వెంటనే లేచి రౌండ్ ముగిసేదాకా నిలబడటం మరో గొప్ప.

రౌండ్ల లెక్కలో రెఫరీ ఆర్థర్ మెర్కాంటే 8–6–1 (ఒక రౌండ్ సమం), జడ్జీలు 9–6, 11–4. మూడు స్కోరు కార్డులూ ఫ్రేజియర్‌వే. 11–4 అన్నది అలీకి అన్యాయమే, 8–6–1 నిజానికి దగ్గర. గెలిచిన ఫ్రేజియర్ తర్వాత ఆస్పత్రిలో చేరాల్సొచ్చిందంటే పోటీ ఎంత దగ్గరగా సాగిందో అర్థమవుతుంది.

1974 జనవరి 28 బౌట్ కూడా అదే గార్డెన్‌లో, కానీ 12 రౌండ్లే, ప్రపంచ టైటిల్ లేదు. ఏడాది ముందు కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టి ఫ్రేజియర్ నుంచి టైటిల్ లాక్కున్నాడు. అలీ కూడా నార్టన్ చేతిలో దవడ విరగ్గొట్టించుకుని, తర్వాత గెలిచి వచ్చాడు. ఈసారి అలీ ఎత్తుగడ సులువుగా ఉంది: రెండు మూడు పంచ్‌లు వెయ్యి, ఫ్రేజియర్ లోపలికి రాగానే ఎడమచెయ్యి మెడ వెనక వేసి కిందికి నొక్కి పట్టుకో. తల కిందికి నొక్కితే హుక్‌కి బలం రాదు. అలా 133 సార్లు పట్టుకున్నాడని ఫచ్ తర్వాత లెక్కకట్టాడు. పట్టుకుని కొడితేనే తప్పు, ఊరికే పట్టుకుంటే కాదని రెఫరీ టోనీ పెరెజ్ వాదన. రెండో రౌండ్లో అలీ కుడి పంచ్‌కి ఫ్రేజియర్ తూలుతున్నప్పుడు పెరెజ్ బెల్ మోగిందనుకుని మధ్యలోకి వచ్చేశాడు, ఇంకా సెకన్లు మిగిలే ఉన్నాయి. అంటే రెఫరీ పొరపాటు ఇద్దరికీ తగిలింది. అలీ గెలుపు న్యాయమైనదే. చూడటానికి మాత్రం పట్టు, విడుపు, మళ్లీ పట్టు. బాక్సింగ్ నేర్చుకునేవాళ్లకి క్లించ్, అంటే ఇలా పట్టుకుని ఆపడం, ఎలా చెయ్యాలో చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. మామూలు ప్రేక్షకుడికి నేను దీన్ని ముందు చూపించను.

మనీలా అని పేరేగాని 1975 అక్టోబర్ 1 బౌట్ జరిగింది పక్కనున్న కెసోన్ సిటీలో, అరనెటా కొలీజియంలో. అమెరికా టీవీ టైం కోసం అక్కడ పొద్దున్నే పెట్టారు. కిక్కిరిసిన జనం, లైట్లు, ఉక్కపోత. ఇద్దరూ బరువు పెరిగారు: అలీ 215 పౌండ్ల నుంచి 224 దాటాడు, ఫ్రేజియర్ 205 నుంచి 215 చుట్టూకి వచ్చాడు. ఈసారి ఫచ్ రెఫరీ ఎంపిక మీదే పట్టుబట్టాడు. వచ్చిన కార్లోస్ పాడిల్లా, మెడ వెనక వేసిన అలీ చేతిని లాగేస్తూ వచ్చాడు. 1974 ఎత్తుగడ ఇక పనికిరాలేదు, అందుకే ఇది అంత భీకరంగా మారింది. మొదటి రౌండ్లు అలీవి. ఆరో రౌండ్లో రెండు ఎడమ హుక్‌లు పడ్డాక మధ్య రౌండ్లు ఫ్రేజియర్‌వి. 11 తర్వాత మళ్లీ అలీ చేతికి వచ్చింది.

కారణం కళ్లలో ఉంది. ఫ్రేజియర్ ఎడమ కంటికి చూపు ముందే సరిగా లేదు, ఆ సంగతి ఏళ్లపాటు దాచాడు. ఉన్న కుడి కన్ను వాచి మూసుకుపోసాగింది. అలీ కుడి పంచ్ వచ్చేది ఫ్రేజియర్ ఎడమ వైపు నుంచే, అంటే కనబడని వైపు నుంచి. కనబడాలంటే నిటారుగా నిలబడాలి. నిటారుగా నిలబడితే తల ఊపి తప్పించుకునే విద్య పోతుంది. 13వ రౌండ్లో అతని మౌత్‌గార్డ్ ఎగిరి రింగ్ బయట పడింది. 14 తర్వాత ఫచ్ బౌట్ ఆపేశాడు. అప్పటికి మూడు కార్డులూ అలీ వైపే ఉన్నాయి, ఫ్రేజియర్‌కి నాకౌట్ తప్ప దారి లేదు. మూసుకున్న కన్నుతో ఇంకో మూడు నిమిషాలు పంపడం ప్రాణం మీదికి తేవడమే. ఫచ్ చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని.

మనీలాని రెండో స్థానంలో పెట్టడానికి కారణం ఇదే. చివరి మూడు రౌండ్లలో జరిగింది పోటీ కాదు, కనబడని మనిషిని కొట్టడం. 1971లో 15వ రౌండ్లో కూడా ఇద్దరికీ చేతిలో విద్య ఉంది, ఫలితం ఇంకా తేలాల్సే ఉంది. అప్పుడు అలీ తన ఉచ్ఛదశలో లేడు కదా అనొచ్చు. నిజమే. కానీ ఫ్రేజియర్ పూర్తిగా తన ఉచ్ఛదశలో ఉన్నాడు. 1975 వచ్చేసరికి ఆ దశలో ఒక్కరూ లేరు.

టైం తక్కువుంటే ఇలా చూడండి. 1971లో 9, 11, 15 రౌండ్లు. తొమ్మిదో రౌండ్ అలీ బాగా ఆడింది, అది చూడకపోతే పోటీ ఒకవైపే సాగిందనిపిస్తుంది. 1974లో రెండో రౌండ్, ఆ తర్వాత 7, 8. 1975లో 1, 6, ఆపైన 12 నుంచి 14. మొదటిసారి చూసేటప్పుడు అలీ ముఖం వదిలేసి ఫ్రేజియర్ తల మీదే కన్ను పెట్టండి. అది ఊగుతున్నంతసేపూ రౌండ్ అతని చేతిలో ఉంటుంది, ఆగిందంటే అలీ జాబ్ తగలడం మొదలవుతుంది.