లెక్చరర్లకు మూడుల్ సంగతి చెప్పాలంటే మెయిలా, వాట్సాపా, స్టాఫ్‌రూమా?

కొత్తగా మూడుల్ (పాఠాలు, అసైన్‌మెంట్లు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్న కాలేజీల్లో సిస్టమ్స్ చూసుకునే తమ్ముళ్లు ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, సార్లకు ఎట్లా చెప్తే ఎక్కుతుంది? మెయిల్ పెట్టాల్నా, వాట్సాప్ గ్రూప్ చాలా?" అనంతపురంలో నేను చేసేదీ ఇదే పని కాబట్టి, చూసింది చెప్తా.

మెయిల్ ఎక్కడికీ పోదు. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్ల ఫైలుకు రుజువు కావాలన్నా, "నాకెవరూ చెప్పలేదే" అని ఎవరైనా అన్నా తేదీతో సహా తీసి చూపించొచ్చు. కాకపోతే తెరిచేవాళ్లు తక్కువ. వాట్సాప్‌లో ఆ బాధ లేదు, మెసేజ్ ఇన్ఫో నొక్కితే ఎవరు చూశారో కూడా తెలుస్తుంది. రేపు పదింటికి సర్వర్ ఆగుతుందని చెప్పడానికి దాన్ని మించింది లేదు.

కానీ నా లెక్కలో చూడాల్సింది వేరే. తెలియదని ఎక్కడ నోరు విప్పగలరు? ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్న మనిషి, ప్రిన్సిపాల్, హెచ్‌ఓడీ, తన దగ్గరే చదువుకుని లెక్చరర్లయిన పిల్లలు అందరూ ఉన్న గ్రూప్‌లో "నాకు అర్థం కాలేదు" అని టైప్ చేయరు. థమ్సప్ గుర్తు పెట్టి ఊరుకుంటారు. అసైన్‌మెంట్ పెట్టే పద్ధతి పంపితే నాకు నలభై థమ్సప్‌లు వచ్చాయి. వారం తర్వాత ప్రొజెక్టర్ కేబుల్ ఇద్దామని స్టాఫ్‌రూమ్‌కు పోతే ఒక మేడమ్ మెల్లగా పిలిచి, "గడువు పెట్టినా కదా నాయనా, అయిపోయినాక కూడా పిల్లోళ్లు అప్‌లోడ్ చేస్తానే ఉన్నారు, ఏంది ఇది?" అన్నారు. మూడుల్‌లో డ్యూ డేట్ దాటినా సబ్మిషన్ ఆగదు, లేటని మాత్రం చూపిస్తుంది. పూర్తిగా ఆపాలంటే కటాఫ్ డేట్ విడిగా పెట్టాలి. ఆ ముక్క నా మెసేజ్‌లో ఉంది, మూడో పేరాలో! ఆమె కోర్సే తెరిచి రెండు నిమిషాల్లో చూపించేసరికి, పక్క టేబుల్ సార్ కుర్చీ జరుపుకుని వచ్చి "నాదీ చూడప్పా" అన్నారు.

అందుకే నా ఓటు స్టాఫ్‌రూమ్‌కు. టైమ్ పడుతుంది, నిజమే, అన్ని బ్లాకులూ తిరగాలి, మిడ్ మార్కులు ఎక్కించే వారంలో పోతే తిట్లు కూడా పడతాయి. పోయేముందు మెయిల్ పెడతా, వచ్చాక అక్కడ ఎక్కువమంది అడిగిన ప్రశ్నకు జవాబు, ఎవరి పేరూ లేకుండా, రెండు లైన్లలో గ్రూప్‌లో వేస్తా.

సర్క్యులర్ అంటారా, అటెండర్ తెస్తాడు, సంతకం పెడతారు. ఆడిటోరియంలో వర్క్‌షాప్ పెట్టి "డౌట్లుంటే అడగండి" అంటే ఒక్కరూ లేవరు, తర్వాత టీ దగ్గర పట్టుకుంటారు.