డేవిట్ పడవా, ఫ్రీఫాల్ పడవా, రెస్క్యూ బోటా: కేడెట్‌కు ఏది మేలు?

మునిగే ఓడ నుంచి బయటపడటానికి ఏది మేలని అడిగితే ఓడ మీంచి నేరుగా నీళ్లలోకి దూకే ఫ్రీఫాల్ పడవే. పని నేర్చుకోవడానికి ఏది మేలని అడిగితే మాత్రం డేవిట్ల (ఓడ పక్కన పడవను మోసే ఇనుప చేతుల) నుంచి వైర్లతో దించే పడవ. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసుకోవడం వల్లే సర్టిఫికెట్ చేతికొచ్చిన కేడెట్ (ఓడ అధికారి పని నేర్చుకునేవాడు) కూడా పడవను వైరుకు పట్టి ఉంచే నిజమైన కొక్కెం ముందు తడబడతాడు.

విశాఖ, గంగవరం రేవుల్లో బొగ్గు, ఖనిజం మోసే ఓడల వెనకవైపు నారింజ రంగు పడవ ముక్కు కిందికి వంచుకుని కనిపిస్తుందే, అదే ఫ్రీఫాల్. 2006 జులై 1 నుంచి కట్టిన బల్క్ క్యారియర్లకు అది తప్పనిసరి. వైర్లు, బ్రేకులు, రెండు కొక్కేలు ఒకేసారి ఊడాలన్న బెంగ ఏదీ లేదు. అందరూ ఎక్కి బెల్టులు బిగించుకున్నాక, బయట కట్టిన లాషింగ్ (కట్టు) తీసేశారని, కింద నీళ్లు ఖాళీగా ఉన్నాయని నిర్ధారించుకోవాలి. ఇంజన్ నడుస్తుండగా చుక్కాని మధ్యలో ఉంచి పంపు లివర్ కొడితే పడవ జారి దూకుతుంది. తేలేసరికే ఓడకు దూరంగా సాగుతుంటుంది కూడా.

ఇక్కడ దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు వదులు వల్ల. సీట్లు వెనక్కి తిరిగి ఉండేది నీళ్లను తాకినప్పటి కుదుపును వీపు మొత్తం పంచుకోవాలనే. బెల్టు వదులుగా ఉంటే ఒళ్లు ముందు లేచి ఆ తర్వాత సీటుకు కొట్టుకుంటుంది. తల హెడ్‌రెస్ట్‌కు ఆనించి ఉంచాలి. ఒళ్లో టార్చిగానీ వాకీటాకీగానీ ఉండకూడదు.

ఈ పనులన్నీ ఒక్క పూటలో వచ్చేస్తాయి. చిక్కేమిటంటే ఓడ మీద మళ్లీ చేసే అవకాశం తక్కువ. 6 నెలలకోసారి నిజంగా దూకించాలి, లేదంటే సిమ్యులేటెడ్ లాంచ్ (పడవను వైర్లతో ఆపి ఉంచి పంపు కొట్టి చూడటం) చేస్తే చాలు. ఆ సిమ్యులేషన్‌లోనూ ఒక గండం ఉంది: పడవను ఆపే వైర్లు సరిగ్గా తగిలించకుండా పంపు కొడితే అది ఉత్తుత్తి లాంచ్ కాదు, నిజంగానే పడిపోతుంది.

డేవిట్ పడవ దించడానికే ఓ వరుస ఉంది. అడుగు ప్లగ్గు బిగించాలి, బ్యాటరీ ఛార్జరు తీగ ఊడదీయాలి, పెయింటర్ తాడును (పడవ ముందు కొసను ఓడకు కట్టే తాడు) ఓడ ముందువైపు దూరంగా కట్టాలి, డేవిట్లు కదలకుండా పెట్టే హార్బర్ పిన్నులు తీయాలి, పడవను బిగించి పట్టే గ్రైపులు విప్పాలి, ఆ తర్వాతే బ్రేకు ఎత్తాలి. ప్లగ్గు మరిస్తే పడవలోకి నీళ్లు వస్తాయి. ఒక గ్రైపు మిగిలిపోతే ఆ కొస ఆగిపోయి రెండో కొస జారి పడవ ఒరుగుతుంది. నీళ్లలో దిగాక అల పైకెత్తినప్పుడు, రెండు వైర్లూ వదులయ్యాక కొక్కేలు వదలాలి. పడవ తేలేదాకా లివర్‌ను కదలనివ్వని హైడ్రోస్టాటిక్ ఇంటర్‌లాక్ ఉంటుంది, దాన్ని తప్పించి ఊడదీసే దారీ ఉంటుంది. ఆ దారి ఎప్పుడు వాడకూడదో తెలియడమే ఇక్కడ చదువు.

అసలు పరీక్ష తిరిగి ఎత్తేటప్పుడు. పడవ ఎగిరిపడుతుంటుంది, వైరు చివర బరువైన లింకు తలకు సమంగా ఊగుతుంటుంది. ముందొకరు, వెనకొకరు హెల్మెట్లతో నిలబడి దాన్ని కొక్కెంలో వేయాలి. కొక్కెం మూసుకున్నట్టు కనిపించడం వేరు, తాళం పడటం వేరు. లోపల కొక్కేన్ని పట్టి ఉంచే క్యామ్ పూర్తిగా తిరిగి గుర్తులు కలవాలి, లివర్ చివరిదాకా రావాలి, సేఫ్టీ పిన్ను చేత్తో తేలిగ్గా దూరాలి. పిన్నును సుత్తితో కొట్టాల్సి వచ్చిందంటే క్యామ్ సరిగా కూర్చోలేదన్నమాట. లివర్ నుంచి కొక్కేనికి వెళ్లే కేబుల్ తుప్పు పట్టిందేమో కూడా చూడాలి. నీళ్ల పైకి అర మీటరు ఎత్తి ఆపి, రెండు కొక్కేలూ మళ్లీ చూసి అప్పుడే పైకి లాగాలి. చివరి కొంత దూరం మోటారుతో కాదు, చేతి హ్యాండిల్‌తో తిప్పాలి. మోటారును సమయానికి ఆపాల్సిన లిమిట్ స్విచ్ పనిచేయకపోతే డేవిట్ చేతులు ఆగాక కూడా మోటారు లాగుతూనే ఉంటుంది, ఆ బరువంతా వైరు మీద పడుతుంది.

వైరు సంగతీ తేలిక కాదు. 2013 ఫిబ్రవరి 10న స్పెయిన్‌లోని లా పాల్మా రేవులో థామ్సన్ మెజెస్టీ అనే ప్రయాణికుల ఓడలో డ్రిల్ తర్వాత పడవను ఎత్తుతుండగా ముందు వైరు తెగి ఐదుగురు సిబ్బంది చనిపోయారు. డేవిట్ పైన పుల్లీ మీద వంగి ఉండేచోట వైరు తుప్పు పట్టి ఉంది. గ్రీజు చేరడం కష్టమైన చోటు అదే, కేడెట్ ఎక్కి చూడాల్సిందీ అక్కడే. వైర్లను 5 ఏళ్లలోపు మార్చాలన్న నిబంధన ఉంది కదా అని ఊరుకుంటే చాలదు.

రెస్క్యూ బోటు పని మనుషుల్ని ఏరుకురావడం. 3.8 నుంచి 8.5 మీటర్ల పొడవు, కనీసం ఐదుగురు కూర్చుని, ఒకరు పడుకునే చోటు, 6 నాట్ల వేగంతో 4 గంటల ప్రయాణం దానికి కావాలి. సాగుతున్న ఓడ పక్కన దిగినప్పుడు ముందు కొక్కెం, తర్వాతే పెయింటర్ వదలాలి. తారుమారైతే కొక్కేనికి వేలాడుతూ బోటు అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. నీళ్లలో పడ్డ మనిషి దగ్గరకు గాలికి ఎదురుగా, నెమ్మదిగా వెళ్లి, చేరువయ్యాక గేరు న్యూట్రల్‌లో పెట్టాలి. చాలాసేపు చల్లటి నీళ్లలో ఉన్నవాణ్ణి వీలైనంత వరకూ అడ్డంగా పడుకున్నట్టే ఎత్తాలి. నిలువునా లాగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. ఈ చేతి నేర్పు పుస్తకంలో రాదు.

నీళ్ల మీద పది గంటలు దొరికితే ఆరు డేవిట్ పడవకు, మూడు రెస్క్యూ బోటుకు, ఒకటి ఫ్రీఫాల్‌కు ఇవ్వాలన్నది మా లెక్క. ఎక్కబోయేది బల్క్ క్యారియర్ అయినా ఇదే లెక్క. తర్వాతి కాంట్రాక్టులో ఏ ఓడ వస్తుందో తెలియదు, ఫ్రీఫాల్ ఉన్న ఓడ మీదా రెస్క్యూ బోటును వైరు మీదే ఎత్తాలి. ఓడ ఎక్కాక 3 నెలలకోసారి డేవిట్ పడవ నీళ్లలోకి దిగే రోజున చీఫ్ ఆఫీసర్‌ను అడిగి కొక్కేల జట్టులో చోటు సంపాదించండి. లోపల కూర్చుని ఇంజన్ చప్పుడు వింటే అదే డ్రిల్ సగం వృథా.