లాంకస్టర్ కౌంటీ యాత్ర: పొలం కనిపించని గది, మంట పెట్టని బ్యారన్

పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ కౌంటీకి వెళ్లదలచిన వారికి ముందే ఒక మాట చెబుతున్నాను: హోటలు ప్రకటనలో ‘పొలం కనిపించే గది’ అని ఉంటే, ఆ పొలం ఏ కిటికీ నుంచి, ఎంత దూరాన కనిపిస్తుందో ఫోను చేసి అడిగాకే డబ్బు కట్టండి. నేను అడగలేదు.

అమ్మానాన్నలు కందుకూరు దగ్గరి మా ఊరి నుంచి న్యూజెర్సీలో మేముండే ఎడిసన్‌కు వచ్చి మూడు నెలలయింది. న్యూయార్కు, నయాగరా చూశాక నాన్న, “ఈ మేడలు చాల్లేరా, ఇక్కడ సేద్యం ఎట్టా చేస్తారో ఒక్కసారి చూపించు” అన్నారు. నలభై ఏళ్లు పొగాకు వేసిన మనిషి అడగక అడిగిన కోరిక కనుక, సెప్టెంబరు రెండో శనివారం నేను, నా భార్య, నాలుగేళ్ల పాప, అమ్మానాన్నలు కారులో బయలుదేరాం. దారి రెండున్నర గంటలు.

గది అద్దె రాత్రికి 189 డాలర్లని చూసి రెండు రాత్రులకు తీసుకున్నాను. అక్కడికి వెళ్లాక సౌకర్యాల రుసుమని రోజుకు 25, ఇద్దరు పెద్దలు ఎక్కువగా ఉన్నారని మనిషికి 15 చొప్పున రోజుకు 30 కలిపారు. పన్నులతో బిల్లు 541 డాలర్ల 68 సెంట్లయింది. ఏమిటా సౌకర్యాలని అడిగితే ఈతకొలను అన్నారు. ఆ కొలను మీద అప్పటికే నీలం పట్టా కప్పి, సీజను అయిపోయిందని బోర్డు పెట్టి ఉంది. గదిలో తెర లాగితే చెత్త డబ్బాలు, వాటి వెనక దుకాణాల పార్కింగు, ఆ వెనక 30వ నంబరు రహదారి. పొలం ఏదని కౌంటరు దగ్గరి అబ్బాయిని అడిగితే పైకి వచ్చి, నన్ను కిటికీ ఎడమ మూలకు జరిపి, మెడ వంచి చూడమని, రెండు కప్పుల మధ్య జానెడంత ఆకుపచ్చ చూపించి “అదిగో మొక్కజొన్న” అన్నాడు. నాన్న నవ్వి ఊరుకున్నారు గానీ, రాత్రంతా లారీల మోతకు నిద్ర పట్టక నా భార్య పొద్దున ఎవరితోనూ మాట్లాడలేదు. గది వెతికింది నేను మరి. దానికి తోడు, ఎటు చూసినా పాడి పశువులున్న ఆ కౌంటీలో ఉచిత అల్పాహారంతో ఇచ్చిన కాఫీకి పాలు లేవు, కాగితం పొట్లాల్లో పొడి ఉంది. అమ్మ ఆ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, టీ అడగడం మానేసింది.

రెండో తప్పు ఆదివారం పెట్టుకోవడం. లాంకస్టర్ పట్టణంలోని సెంట్రల్ మార్కెట్ మంగళ, శుక్ర, శనివారాల్లోనే తెరుస్తారు. శనివారం మేం చేరేసరికి కట్టేశారు. ఇక ఆదివారం ఆమిష్ వాళ్ల, అంటే కార్లు వద్దని గుర్రపు బండ్లతో పాత పద్ధతిలో బతికే క్రైస్తవ శాఖ వాళ్ల, దుకాణం ఒక్కటీ తెరవలేదు. వాళ్లు చర్చి కట్టుకోరు, ఆదివారం విడిచి ఆదివారం వంతులవారీగా ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థనకు చేరతారు. 340వ నంబరు దారిలో బూడిద రంగు గుర్రపు బండ్లు ఒకదాని వెనక ఒకటి వెళుతుంటే పాప చేయి ఊపుతూనే ఉంది. తోచక మేము పర్యాటకులను తిప్పే బండి ఎక్కాం: పెద్దలకు 22, పాపకు 12, వెరసి సరిగ్గా 100 డాలర్లు. నడిపినాయన ఆమిష్ కాడు. ఇరవై నిమిషాలు దుకాణాల వెనక చుట్టు తిప్పి దింపేశాడు. ఆ వంద కంటే స్ట్రాస్‌బర్గ్ ఆవిరి రైలుకు ఇచ్చిన డబ్బు ఎంతో నయం. 1832లో పుట్టిన ఆ రైలు మార్గం ముప్పావు గంటలో పొలాల మధ్యగా పారడైజ్ దాకా వెళ్లి వస్తుంది, పాప సరదా అక్కడే తీరింది.

సోమవారం గది ఖాళీ చేసి, పెద్ద రోడ్డు వదిలి స్ట్రాస్‌బర్గ్‌కు దక్షిణంగా చిన్న దారులు పట్టాం. మేం చూడాలని వచ్చిన నేల అప్పుడు కనిపించింది. సున్నపురాయి మీద ఏర్పడిన మెత్తని మట్టి, ఎత్తుపల్లాలను బట్టి వంపు తిరిగిన మొక్కజొన్న, అల్ఫాల్ఫా అనే పశువుల మేత పట్టీలు, ప్రతి ఇంటి పక్కన గడ్డి మాగబెట్టే పొడవాటి సైలో, తీగ మీద ఆరేసిన నల్ల ప్యాంట్లు, ఊదా, నీలం గౌన్లు. కాలువలు కనపడవు. ఏడాది పొడవునా పంచి కురిసే సుమారు 40 అంగుళాల వానతోనే పంట పండుతుందని చెబితే నాన్న మొదట నమ్మలేదు. ఇక్కడి పాడి పశువుల ఎరువే వానకు కొట్టుకుపోయి, కోనెస్టోగా, పెక్వియా వాగుల ద్వారా సస్క్వెహానా నదిలో కలిసి, చివరికి చెసపీక్ అఖాతాన్ని పాడుచేస్తోందన్న సంగతి చెప్పినప్పుడు మాత్రం వెంటనే తల ఊపారు.

ఒక మలుపు దగ్గర నాన్న “ఆపు, ఆపరా, అది పొగాకు బ్యారన్” అని గట్టిగా అన్నారు. బ్యారన్ అంటే మా వైపు పొగాకు ఆరబెట్టే కొట్టం. ఇది పొడవాటి చెక్క కొట్టం, గోడ పలకలు తలుపుల్లా ఒకటి విడిచి ఒకటి తెరిచి ఉన్నాయి, లోపల పైకప్పు దాకా వరసలుగా పసుపు తిరుగుతున్న ఆకు. కంచర గాడిదలు కట్టిన బండి మీద నుంచి పొగాకు ఎక్కించిన కర్రలు అందిస్తున్న గడ్డం ఉన్న ఆమిష్ రైతు ఒకరు మమ్మల్ని చూసి ఆగారు. ఇంట్లో మాట్లాడుకునేది పెన్సిల్వేనియా జర్మన్ భాష అయినా, మాతో ఇంగ్లీషులో మాట్లాడారు. నేను తెలుగు చేసి చెప్పాను. నాన్న అడిగిన మొదటి ప్రశ్నే అసలు ప్రశ్న: “మొక్క మొత్తం నరికేస్తే కింది ఆకూ పై ఆకూ ఒకేసారి ఎట్టా పండుద్ది?” మా ఊళ్లో అడుగు నుంచి పండిన ఆకు పండినట్టు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో కట్టెల మంట వేడికి వారంలోపు ఆరబెడతాం. ఇక్కడ మొక్కను మొదట్లో నరికి, నాలుగడుగుల బద్ద చివర ఇనుప మొన తొడిగి, ఆ మొనతో కాడలను గుచ్చి ఎక్కిస్తారు. గాలికే వారాల తరబడి ఆరనిచ్చి, చలికాలంలో ఆకు ఒలుస్తూ రకాలు వేరు చేస్తారు. ఆ ఇనుప మొనను తీసి నాన్న చేతిలో పెట్టారాయన. నాన్న బొటనవేలితో దాని పదును చూసి, బద్దకు ఎక్కించిన మొక్కలు లెక్కపెట్టి, “కట్టె ఖర్చే లేదన్నమాట” అని రెండుసార్లు అన్నారు. ధర ఎవరు చెబుతారని అడిగితే ‘కొనేవాళ్లే’ అని జవాబు వచ్చింది. నేను తెలుగు చేయకముందే నాన్న నవ్వారు.

ఆ రైతు పిల్లలు ఎనిమిదో తరగతితో ఒంటిగది బడి ముగిస్తారు. 1972లో అమెరికా సుప్రీంకోర్టు ఈ పద్ధతికి రక్షణ ఇచ్చింది. అది నాకు మింగుడుపడలేదు, కానీ అడిగే చోటు కాదు. ఫోటో కూడా అడగలేదు. ముఖాలు కనిపించేలా ఫోటోలు తీయడం వాళ్లకు ఇష్టముండదు, మీరూ తీయకండి. గట్టు దిగేచోట బండ్లు హఠాత్తుగా ఎదురవుతాయి, కారు నెమ్మదిగా నడపండి. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, ఇళ్ల ముందు బల్లల మీద అమ్మే మనిషి ఉండరు, డబ్బా మాత్రమే ఉంటుంది. మేము డజను మొక్కజొన్న పొత్తులు 6 డాలర్లకు, ‘చౌచౌ’ అనే కలగూర పచ్చడి సీసా మరో 6 డాలర్లకు తీసుకున్నాం. బసకైతే పెద్ద రోడ్డు పక్క హోటళ్లు వద్దు. అతిథులకు గదులిచ్చే రైతు ఇళ్లు కౌంటీలో ఉన్నాయి, ఈసారి అక్కడే దిగుతాను.

ఈతకొలను గురించి మూడు ఉత్తరాలు రాశాక 50 డాలర్లు తిరిగి ఇచ్చారు. కిటికీ గురించి మాట్లాడలేదు. ఆ చౌచౌ తియ్యగా, పుల్లగా ఉందని ఇంట్లో ఎవరూ ముట్టకపోతే, అమ్మ దానికి రెండు చెంచాల కారం కలిపి ఇంగువ తాలింపు పెట్టింది. సీసా నాలుగు రోజుల్లో ఖాళీ అయింది.