డబుల్ ప్రమోషనా, ఫౌండేషన్ బ్యాచా, నవోదయా: చురుకైన పిల్లలకి ఏది మేలు?

మా అక్క కొడుకు ఇక్కడే విశాఖ ఎంవీపీ కాలనీలో నాలుగో తరగతి. లెక్కల పీరియడ్‌లో ఇచ్చినవన్నీ పది నిమిషాల్లో చేసేసి మిగతా అరగంటా నోట్సు వెనక పేజీలో ఓడలు గీస్తూ కూర్చునేవాడు. టీచర్ గారు చూసి "అయిపోయాయా? అయితే ఇంకో ఇరవై చెయ్యి" అన్నారట. అవే భాగహారాలు, అంకెలు మారాయంతే. రెండో వారానికల్లా గుంటడికి కిటుకు తెలిసిపోయింది, నెమ్మదిగా చెయ్యడం మొదలెట్టాడు!

అక్క ఇప్పుడు డబుల్ ప్రమోషన్ అంటోంది. నాకైతే ఇష్టం లేదు. ఐదో తరగతి మానేసి ఆరులో కూర్చుంటే ఓ మూడు నెలలు కొత్తగా ఉంటుంది, తర్వాత అక్కడా అదే వేగం, అవే ఓడలు. పైగా వీడు లెక్కల్లోనే ముందు, తెలుగు చేతిరాత చూస్తే కోడి కెలికినట్టుంటుంది. ఇంకోటి చాలామందికి తట్టదు: నీట్‌కి అడ్మిషన్ ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి, కాబట్టి డాక్టర్ అవుతానన్న పిల్లాడు ముందే ఇంటర్ ముగించి ఇంట్లో కూర్చోవాల్సి రావచ్చు. చదవడం, రాయడం, లెక్కలు, తోటి పిల్లలతో ఆటలు అన్నింట్లోనూ పైతరగతికి సరిపోయే పిల్లలు ఉంటారు, వాళ్లకి వేరే సంగతి.

బావగారి ఓటు ఆరో తరగతి నుంచే ఐఐటీ, నీట్ కోచింగ్ మొదలెట్టే ఫౌండేషన్ బ్యాచ్‌కి. గాజువాక నుంచి మధురవాడ దాకా ఫ్లెక్సీలు చూసిన ప్రభావం. నిజం చెప్పాలంటే అందులో మంచి లేకపోలేదు, సాటి చురుకైనవాళ్లు పక్కన ఉంటారు, "నాకంటే ముందు ఇంకొకడున్నాడు" అని తెలుస్తుంది. కానీ చాలాచోట్ల జరిగేది పై తరగతి సిలబస్‌ని ముందే తోసెయ్యడం. పదకొండేళ్లవాడికి వారం వారం ర్యాంకు టెన్షన్ ఎందుకు? తొమ్మిదిలో, వాడే అడిగితే, అప్పుడు ఆలోచిద్దాం.

నవోదయ మాత్రం మంచి అవకాశం. మనకి కొమ్మాదిలోనే ఉంది, హాస్టల్, చదువు అన్నీ ప్రభుత్వానివే. ఆరులో చేరడానికి ప్రవేశ పరీక్ష ఐదులో ఉండగా ఒక్కసారే రాయనిస్తారు, 80 ప్రశ్నలు, రెండు గంటలు, అందులో సగం మెంటల్ ఎబిలిటీ. కానీ కనీసం 75 శాతం సీట్లు మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లెల్లో చదివినవాళ్లవి, అంటే మావాడికి మిగిలేది చిన్న వాటా. పద్మనాభం, ఆనందపురం వైపు చదివే పిల్లలైతే తప్పకుండా రాయించండి. సర్కారు బడి పిల్లలైతే ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష కూడా మరవొద్దు, ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 వస్తాయి.

ఇక నా ఓటు దేనికంటే, తరగతి మార్చకుండా పని మార్చడానికి. ఐదు దాకా వేగం కాదు, లోతు. ఇరవై భాగహారాల బదులు ఆలోచించాల్సిన లెక్క ఒక్కటి చాలు, ఫీజు కూడా ఉండదు. 2020 విద్యావిధానంలో కూడా ఇలాంటి పిల్లలకి పాఠ్యపుస్తకాన్ని దాటిన పని ఇమ్మనీ, సబ్జెక్టు క్లబ్బులు పెట్టమనీ ఉంది గానీ, నలభై మంది ఉన్న క్లాసులో టీచర్‌కి తీరికేదీ? అందుకే ఆ ఒక్క లెక్కా ఇంటి నుంచే పంపిస్తామని అడగమన్నాను, టీచర్ గారు సరేనన్నారు. ఎనిమిదికొచ్చాక లెక్కల ఒలింపియాడ్‌కి తొలి మెట్టయిన ఐఓక్యూఎం రాయించొచ్చు. 30 లెక్కలు, మూడు గంటలు, ఆప్షన్లుండవు కాబట్టి బట్టీ పనిచెయ్యదు.

మొదటి లెక్క నేనే పంపాను: 1 నుంచి 100 దాకా రాస్తే 9 అంకె ఎన్నిసార్లు రాయాలి? ఆ సాయంత్రం 19 అన్నాడు. కాదు, మళ్లీ చూడరా అన్నాను. రెండ్రోజులు మాటల్లేవు. మూడో రోజు పొద్దున్నే, పళ్లు కూడా తోముకోకుండా ఫోన్: "మావయ్యా, 99లో రెండున్నాయి!"